వెనక డ్రమ్ము మా అత్తగారిది

మా పడమటి ప్రకాశంలో నీళ్ళు రెండు రకాలు. వాడుక నీళ్ళు, మంచినీళ్ళు. వాడుక నీళ్ళకి బోరుంది, మోటారుంది, మిద్దె మీద ట్యాంకుంది. కరెంటుంటే కుళాయి తిప్పగానే బుస్సుమని వస్తాయి. కాకపోతే వాటిని తాగకూడదు, వాటిలో పప్పు వేయకూడదు, తెల్లచొక్కా ముంచకూడదు. సబ్బు ఎంత రుద్దినా నురగ రాదు, తెట్టు కడుతుంది. కందిపప్పు సంగతి మరీ ఘోరం. కుక్కరు కూతలు పెట్టి పెట్టి అలిసిపోవాల్సిందేగాని బద్ద బద్దలాగే ఉంటుంది, చారులో పంటికింద పటుక్కుమంటుంది. మా వీధికి బదిలీ మీద వచ్చిన ఒక బ్యాంకు మేనేజరు గారి భార్య మొదటివారం కుక్కరు రబ్బరు మార్చారు. రెండోవారం పప్పు తెచ్చే కొట్టు మార్చారు. మూడోవారం మా ఆవిడ చెప్తే నీళ్ళు మార్చారు. పప్పు ఉడికింది. అప్పటిదాకా ఆ ఇంట్లో మాటలు పడ్డది మాత్రం పాపం మేనేజరు గారే.

ఇక తాగడం. మా నేలలో ఫ్లోరైడు ఉంది. ఈ కీర్తి నిన్నా మొన్నా వచ్చింది కాదు. మనుషుల నడుములు, మెడలు ఎందుకలా బిగుసుకుపోతున్నాయా అని డాక్టర్లు ఆరా తీసి, అప్పటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లా పల్లెల సంగతి 1937లోనే వైద్య పత్రికకెక్కించారు. కనిగిరి, పొదిలి, దర్శి అప్పుడు నెల్లూరు జిల్లావే. 1970లో ఒంగోలు జిల్లా (తర్వాత ప్రకాశం అని పేరు మార్చారు) పెట్టినప్పుడు వాటిని ఇటు కలిపారు. ఊళ్ళతోపాటు నీళ్ళు కూడా మనకే వచ్చాయి. లీటరు నీళ్ళలో ఒకటిన్నర మిల్లీగ్రాములకి మించి ఫ్లోరైడు ఉండకూడదని లెక్క. హైదరాబాదు నుంచి వచ్చే మా బావమరిదికి ఈ లెక్క ఎన్నిసార్లు చెప్పినా, "కాచి చల్లార్చుకుంటే సరిపోయేదానికి ఇంత హడావుడి ఏంటి బావా" అంటాడు. కాస్తే పురుగు చస్తుందిగాని ఫ్లోరైడు చావదు. నీరు కొంత ఆవిరైపోయి, ఉన్న ఫ్లోరైడు ఇంకాస్త చిక్కబడుతుంది. పటిక, సున్నం వేసి తేర్చే పద్ధతి ఒకటి మనవాళ్ళే కనిపెట్టారు, దానికి నల్గొండ టెక్నిక్ అని పేరు. తక్కిన ఊళ్ళకి లడ్డూల వల్లో, చీరల వల్లో పేరొస్తుంది. మాకూ నల్గొండ వాళ్ళకీ ఇలా వచ్చింది.

అంచేత మంచినీళ్ళు కొనుక్కోవాలి. నీళ్ళు శుద్ధి చేసి అమ్మే ప్లాంటు చెరువుకట్ట అవతల ఉంది. మా చెరువులో నీళ్ళుండవుగాని కట్ట మాత్రం దిట్టంగా ఉంటుంది, దాని మీద సిమెంటు రోడ్డు కూడా వేశారు. ఆ రోడ్డు మీద తెల్లారేసరికి ఎక్సెల్ బండ్లు బారులు తీరతాయి. క్యాన్లు వేసే కుర్రాళ్ళని చూశారా ఎప్పుడైనా? కాళ్ళ దగ్గర రెండు, వెనక ఇనప చట్రానికి అటు మూడు, ఇటు మూడు. ఇరవై లీటర్ల క్యాను ఇరవై కిలోలు, మొత్తం నూట అరవై. బండి బరువు తొంభైకి లోపే. మధ్యలో కుర్రాడు ఎక్కడ కూర్చున్నాడో వాడు చెయ్యి ఊపితే తప్ప తెలీదు. 1980లో టీవీఎస్ ఫిఫ్టీ వచ్చిన దగ్గర్నుంచీ పాలు, కోళ్ళు, గడ్డిమోపులు, ఐసు పెట్టెలు, ముగ్గురు పిల్లలతో సహా సంసారాలు అన్నీ ఈ జాతి బండ్లే మోస్తున్నాయి. తెలుగు దేశంలో ఏ కూడలిలోనూ దీనికి ఒక విగ్రహం లేకపోవడం నాకు అన్యాయంగానే తోస్తుంది.

క్యాన్ల కుర్రాడితో మాకు బాగానే గడుస్తుండగా మా ఆవిడ లెక్క తీసింది. వంటకో క్యాను, తాగడానికో క్యాను, ఎండాకాలం చుట్టాలొస్తే లెక్కే లేదు. "క్యాను పదిహేను రూపాయలు. సొంతంగా తెచ్చుకుంటే డ్రమ్ము నూరు రూపాయలకి నింపుతారంట. మనకి ఎక్సెల్ ఉండె. దాని వెనక ఒక ట్రాలీ కట్టిస్తే పోలా?" అంది. నేను హైస్కూల్లో ఫిజికల్ సైన్సు చెప్తాను. ఆ బండి ఇంజను 99.7 సీసీ అనీ, అందులో ఉన్నది నాలుగు గుర్రాల పైచిలుకు బలమేననీ, గేర్లు కూడా లేవనీ చెప్పబోయాను. "నాలుగు గుర్రాలు ఒక డ్రమ్ము లాగలేవా?" అంది. దీనికి ఏ పాఠ్యపుస్తకంలోనూ జవాబు లేదు.

మా వెల్డింగ్ మేస్త్రీ చదివింది అయిదో తరగతి. యాంగ్లర్ ముక్కలు, పాత ఇనప సామాన్ల కొట్లో దొరికిన రెండు మోపెడ్ చక్రాలు, ఒక ఇరుసు రాడ్డు ముందేసుకుని, బీడీ వెలిగించి, నన్ను ఎదురుగా నిలబెట్టి పాఠం మొదలెట్టాడు.

"సార్, బండి మలుపులో వాలిద్ది. ట్రాలీ వాలదు. రెంటినీ కలిపి గట్టిగా బిగించామనుకోండి, ఏదో ఒకటి విరిగిద్ది. రాడ్డో, మీరో."

అందుకని కొక్కేన్ని అటూ ఇటూ, పైకీ కిందికీ, గుండ్రంగా కూడా తిరిగేట్టు వదులుగా పెట్టాడు. ఆ వదులు వల్ల అది గోతి గోతికీ ఠంగు ఠంగుమంటుంది. ఇప్పుడు నేను వీధి చివర ఉండగానే ఇంట్లో బిందెలు బయటికొస్తాయి.

"కొక్కెం క్యారేజీకి పెట్టొద్దా? చెయ్యికి అందుబాటులో ఉంటుంది కదా" అన్నాను.

"పైన పెడితే ఎక్కుడులో ముందు చక్రం లేసిద్ది సార్. కింద, వెనక చక్రం ఇరుసుకి దగ్గర్లో పెట్టాల. డ్రమ్ము కూడా ట్రాలీ ఇరుసుకి జానెడు ముందుకుండాల. వెనక్కి జరిగిందా, కొక్కెం పైకి లాగి మీ బండి తోక లేపిద్ది. అప్పుడు చక్రం నేలకి ఆనదు. మీరు ఎంత రైజు చేసినా అక్కడే ఉంటారు."

బలభ్రామకాల పాఠాన్ని నేను పిల్లలకి ఏటా రెండు పీరియడ్లు చెప్తాను. ఆయన ఒక బీడీలో ముగించాడు.

ట్రాలీ నలభై కిలోలు తేలింది. నీలం ప్లాస్టిక్ డ్రమ్ము రెండొందల లీటర్లది. నీళ్ళకున్న గుణమేంటంటే లీటరుకి కిలో, బేరం లేదు. ఇంట్లో వాళ్ళు గ్లాసులతోనూ చెంబులతోనూ కొలుస్తారు కాబట్టి వాళ్ళకి నీళ్ళంటే పల్చగా కనపడతాయి. బండి కిలోలతోనే కొలుస్తుంది. అయినా నిండు డ్రమ్ముతో కట్ట ఎక్కడం నేను భయపడినంత పని కాలేదు. ఒకే గేరు బండి కాబట్టి ఎక్కుడులో ఇంజను మూలుగుతుంది, క్లచ్చు వేడెక్కి వాసనొస్తుంది, పక్కనుంచి గేదెలు దాటిపోతాయి. దాటిపోతూ అవి చూసే చూపు ఒకటుంది, దాన్ని భరించాలి. కట్ట దిగేటప్పుడు మాత్రం వరస మారుతుంది. అప్పటిదాకా మనం లాగిన ట్రాలీ అక్కణ్ణుంచి మనల్ని నెడుతుంది. దిగుడు మొదలవక ముందే వేగం చంపుకుని వెనక బ్రేకు మీద కాలు అలా ఆనించి ఉంచాలి. గట్టిగా తొక్కితే వెనక రెండొందల నలభై కిలోలు వచ్చి, ఎందుకు ఆగావని అడుగుతాయి.

ఇంతవరకూ బాగానే ఉంది. అసలు కథ మా అత్తగారింటి దగ్గర మొదలవుతుంది.

వాళ్ళిల్లు మా ఊళ్ళోనే, రామాలయం వెనక. ప్లాంటు నుంచి వచ్చే దారిలో ముందు వాళ్ళిల్లు తగులుతుంది, తర్వాత మాది. అల్లుడు ట్రాలీ నిండా నీళ్ళేసుకుని అత్తగారి గుమ్మం ముందునుంచి ఠంగు ఠంగుమంటూ ఆగకుండా పోవడమనేది మన సమాజంలో జరిగే పని కాదు. "పెద్దగా వద్దు నాయనా, ఏదో సగం డ్రమ్ము వదిలిపెట్టి పో" అనేది ఆవిడ. సగం వదిలేవాణ్ణి. మిగతా సగంతో వాళ్ళింటి నుంచి మా ఇంటికి రావాలి. నాలుగు సందులు, అంతే దూరం. మొత్తం ప్రయాణంలో ప్రాణాంతకమైన భాగం అదే.

నిండుకుండ తొణకదని మన పెద్దలు ఊరికే అనలేదు. డ్రమ్ము నిండుగా ఉంటే లోపల నీళ్ళకి కదలడానికి చోటుండదు, ఇనప దిమ్మె పెట్టినట్టు స్థిరంగా ఉంటుంది. సగం ఉంటే పై భాగమంతా ఖాళీ. బ్రేకు వేస్తే నీళ్ళన్నీ ముందుకి దూకుతాయి, బండి ఆగాక గోడకి కొట్టుకుని వెనక్కి పోతాయి, మళ్ళీ వస్తాయి. మలుపు తిరిగితే పక్కకి ఎగబాకి, ఇంకా తిరగమంటాయి. వంద కిలోల బరువు మన వెనక కూర్చుని, మన మాట వినకుండా, తన ఇష్టం వచ్చిన వేళకి ఇష్టం వచ్చిన వైపు జరుగుతుందన్నమాట. మేస్త్రీకి చెప్తే టీ కొట్లో నా చేతిలోని సగం తాగిన గ్లాసు లాక్కుని, ఎడమకీ కుడికీ తిప్పి, నా చొక్కా మీద పోసి మరీ చూపించాడు. గురువుల పద్ధతులు వేరుగా ఉంటాయి.

ఆ టీ మరక ఇంకా ఆరకముందే రామాలయం మలుపులో సంగతి జరిగింది. మొన్నటిదాకా లేని స్పీడు బ్రేకరు ఒకటి రాత్రికి రాత్రి వెలిసింది. సున్నం గీతలు కూడా వేయలేదు. నా ముందు చక్రం ఎక్కింది, వెనక చక్రం ఎక్కింది, ట్రాలీ ఎక్కుతుండగా ఎదురుగా ఒక పెద్దాయన వచ్చాడు. వరసకి బాబాయి. పెళ్ళికి బయల్దేరినట్టున్నాడు, గంజి పెట్టి ఇస్త్రీ చేసిన తెల్లపంచె, తెల్లచొక్కా, భుజాన జరీ కండువా. నేను బ్రేకు వేశాను. బండి ఆగింది. ట్రాలీ ఆగింది. నీళ్ళు ఆగలేదు. డ్రమ్ము మూతని ఒక్క తోపు తోసి, నా తల మీదుగా లేచి, నన్ను వీపు వరకే తడిపి, మిగతా మొత్తం బాబాయికి అర్పించాయి.

వీధి వీధంతా నిశ్శబ్దమైపోయింది. బాబాయి కళ్ళు మూసుకుని అలాగే నిలబడ్డాడు. గంజి కరిగి పంచె కాళ్ళకి అతుక్కుంది. మెల్లగా కళ్ళు తెరిచి, నాలికతో పెదవి తడిపి చూసుకుని అడిగాడు.

"మంచినీళ్ళేనా?"

"మంచినీళ్ళే బాబాయ్."

"అయితే ఫర్లేదు లేరా. మరక పడదు" అని కండువా పిండుకుని పెళ్ళికి పోయాడు.

ఈలోగా అరుగుల మీద నుంచి ఆడవాళ్ళు దిగొచ్చారు. నాకేమైనా తగిలిందా అని అడుగుతారేమోనని చూశాను. "అయ్యయ్యో, రెండు బిందెల మంచినీళ్ళు మట్టిపాలు చేశాడమ్మా!" అంది ఎదురింటి పిన్ని. మిగతావాళ్ళంతా చుచ్చుచ్చు అన్నారు. ఒకావిడ గుంటలో నిలిచిన నీళ్ళని చెంబుతో తోడి తులసికోటలో పోసింది. నా తలకాయ బాగానే ఉందని నేనే తడిమి చూసుకున్నాను.

దీనికి విరుగుడు లేకపోలేదు. మా అమ్మమ్మ కడవతో నీళ్ళు తెచ్చేటప్పుడు పైన ఒక మోదుగాకు వేసేది. ఆకు తేలుతుంటే అలలు లేవవు, నీళ్ళు ఒలకవు. డ్రమ్ములో కూడా వేద్దామంటే అరటాకు దాకా వెళ్ళాలి, పైగా ఆకులు తేలే నీళ్ళని మా ఆవిడ మంచినీళ్ళుగా ఒప్పుకోదు. పెద్ద ట్యాంకరు లారీలకైతే లోపల అడ్డు రేకులు కొడతారు. మధ్యలో చిల్లులున్న గోడలన్నమాట, నీళ్ళు ఒక్క ఊపున ఈ చివర్నుంచి ఆ చివరికి పరిగెత్తకుండా. ప్లాస్టిక్ డ్రమ్ములో రేకు కొట్టడం కుదరదని మేస్త్రీ తేల్చేశాడు. "సగం డ్రమ్ము ఎందుకయ్యింది సార్? మీ అత్తగారికి పోయబట్టేగా. ఆవిడ డ్రమ్ము ఆవిడకి పెట్టండి. వందవి రెండు తీసుకోండి. ఆవిడది ఖాళీ అయినా మీది నిండుగానే ఉంటది" అన్నాడు.

బ్రహ్మాండమైన ఉపాయం. రెండు డ్రమ్ములు కొన్నాం. పక్కపక్కన పెడితే ఒకటి దించాక ట్రాలీ ఒకవైపుకి ఒరుగుతుంది. కాబట్టి ముందొకటి, వెనకొకటి. ఇక్కడ మళ్ళీ ఆ జానెడు లెక్క వచ్చింది. ముందుది ఖాళీ చేసి వెనకది ఉంచితే బరువంతా ఇరుసు వెనక్కి పోయి బండి తోక లేస్తుంది. వెనకది ఖాళీ చేసి ముందుది ఉంచితే ఏ గొడవా లేదు. దారిలో ముందు ఖాళీ అయ్యేది అత్తగారి డ్రమ్ము. అంటే అది వెనక ఉండాలి. సూత్రం స్పష్టంగా ఉంది.

అత్తగారికి అంత స్పష్టంగా కనపడలేదు.

"నా డ్రమ్ము వెనకా, మీది ముందూనా?" అంది, ట్రాలీ చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి.

"బరువు సమంగా ఉండాలి కదత్తయ్యా..."

"మీ మామగారున్నంత కాలం ఈ ఇంటికి ఏదొచ్చినా ముందే వచ్చేది నాయనా. సర్లే, ఇప్పుడేముంది, ఎక్కడో ఒకచోట పెట్టండి."

ఈ 'ఎక్కడో ఒకచోట' అన్న మాట సాయంత్రానికి మా ఆవిడకి చేరింది. రాత్రికి నాకు చేరింది. నేను కాగితం మీద ఇరుసు గీశాను, బాణం గుర్తులు పెట్టాను, భారం ఇంత, దూరం ఇంత అని వేశాను. మా ఆవిడ బొమ్మంతా శ్రద్ధగా చూసి, "మా అమ్మ డ్రమ్ముకి మూత కూడా కాస్త సొట్టగా ఉందేం?" అంది. చివరికి మేస్త్రీయే వచ్చి అత్తగారితో, "అమ్మా, రైల్లో గార్డు వెనకే ఉంటాడు. ఆయన జెండా ఊపితేనే బండి కదిలిద్ది" అన్నాడు. ఆవిడ శాంతించింది. ఇప్పుడు నేను ఆవిడ గుమ్మం ముందు ఆగి, ఆవిడ సరే అన్నాకనే బయల్దేరతాను. ఫిజికల్ సైన్సులో ఈ అధ్యాయం లేదు.

చట్టం సంగతి కూడా చెప్పాలి. ఒకరోజు కూడలిలో కానిస్టేబుల్ ఆపి, "మాస్టారూ, ట్రాలీకి నంబరేదీ?" అన్నాడు. దీనికి ఇంజను లేదు కదా, నంబరెందుకన్నాను. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ట్రైలరు కూడా మోటారు వాహనమేనని ఆయన చెప్పాడు. ఇంటికెళ్ళి చూశాను, నిజమే. మోటారు లేకపోయినా మోటారు వాహనమే. దీని కాగితాల కోసం బ్రేక్ ఇన్‌స్పెక్టరు గారి దగ్గరికి వెళ్ళాలట. బ్రేకులు లేని ట్రాలీని తీసుకుని బ్రేక్ ఇన్‌స్పెక్టరు దగ్గరికి వెళ్ళడానికి ధైర్యం కూడగట్టుకుంటున్నాను. కానిస్టేబుల్ మాత్రం మంచివాడే. ఎండలో నిలబడి ఉన్నాడని ఒక చెంబు నీళ్ళిస్తే గటగటా తాగి, "ప్లాంటులో ఈ టైములో రద్దీ ఉంటుందా సార్?" అని అడిగాడు.

కుళాయిలో మంచినీళ్ళు రావా అని మీరడగొచ్చు. 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ లెక్కలో మనిషికి రోజుకి 55 లీటర్లు. మా ఇంట్లో అయిదుగురం, అంటే 275 లీటర్లు. అత్తగారి వాటా కలపకుండానే ట్రాలీకి ఒక ట్రిప్పు దాటిపోయింది. ఇక మా ప్రాంతానికి పెద్ద ఆశ వెలిగొండ ప్రాజెక్టు. శ్రీశైలం జలాశయం నుంచి నల్లమల కొండల కింద 18.8 కిలోమీటర్ల సొరంగాల్లో కృష్ణ వరదనీరు 43.5 టీఎంసీలు తేవాలని 1996లో శంకుస్థాపన చేశారు. అప్పుడు పుట్టిన పిల్లల పిల్లలు ఇప్పుడు బడికొస్తున్నారు. సొరంగాలు తవ్వడం అయితే అయింది. ఒక టీఎంసీ అంటే 2,831 కోట్ల లీటర్లు. నా ట్రాలీతో తెస్తే ఒక్క టీఎంసీకి 14 కోట్ల పైచిలుకు ట్రిప్పులు. ఈ లెక్క నేను స్టాఫ్ రూములో నల్లబల్ల మీద వేస్తే లెక్కల మాస్టారు సరిచూసి, "పెట్రోలు ఎవరు పోస్తారండీ?" అన్నాడు. డ్రిల్లు మాస్టారు మాత్రం సొరంగం కంటే ముందు మా వీధికి ఎవరొస్తారో పందెం కాస్తానన్నాడు. నా మీదే కాశాడు.

ఇప్పుడంతా ఒక దారిన పడింది. వారానికి రెండుసార్లు వెళ్తున్నాను. పప్పు మెత్తగా ఉడుకుతోంది, టీ రంగు మారింది, మా బావమరిది ఈ ఎండాకాలం వచ్చి "ఇక్కడి నీళ్ళు భలే ఉన్నాయి బావా" అని రోజుకి నాలుగు చెంబులు ఎక్కువ తాగాడు. స్నానానికి కూడా ఇవే కావాలన్నాడు. బండి తాళం చేతికిచ్చి, ప్లాంటు దారి చూపించాను. ఆ మర్నాటి నుంచి బోరు నీళ్ళే ఒంటికి మంచివని అంటున్నాడు.

మా వైపు వచ్చే కార్ల వాళ్ళకీ, బస్సుల వాళ్ళకీ, ముఖ్యంగా పెళ్ళిళ్ళకి తెల్లబట్టలతో నడిచిపోయే పెద్దమనుషులకీ ఒక మనవి. నీలం డ్రమ్ములతో ట్రాలీ ఒకటి ఠంగు ఠంగుమంటూ కనిపిస్తే వెనక హారన్ కొట్టకండి. నేను తొందరపడితే నీళ్ళు కూడా తొందరపడతాయి. దిగుడులో ముందుకి దాటొచ్చి సడన్‌గా ఆపకండి. మలుపుల్లో రెండు గజాలు ఎడంగా నిలబడండి. బండికి బ్రేకులున్నాయి. ట్రాలీకి లేవు.